బచ్చలిలో పాతిన ఎర్తు

చాలా ఏళ్ళుగా ఒక బరువు మోస్తున్నాను. దించుకోవాలని చూశాను, కుదరలేదు. ఏ సరుకునైనా ఎదుటివాడి చేతిలో పెట్టి, అతనే అడిగి తీసుకున్నట్టు నమ్మించగల ఇంట్లో పుట్టినవాణ్ణి. ఈ ఒక్కటి మాత్రం నా దగ్గరే ఉండిపోయింది.

మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు కాబట్టే చెబుతున్నాను. ఇందులోనూ ఏదో లెక్క ఉందని మీకు అనుమానం రావచ్చు. ఉంది. తెలిసినవాళ్ళకు చెబితే మరునాడు దుకాణం మెట్ల దగ్గర వాళ్ళ ముఖం చూడాలి, మీ ముఖం చూడక్కరలేదు. పేరు కూడా రాయడం లేదు. తప్పు ఒప్పుకునేటప్పుడు కూడా బేరమాడే మనిషినని మీకు ముందే తెలియడం మంచిది. తరువాత మోసపోయామని అనుకోరు.

మాది ఆదోని. మా నాన్నకు, అంటే అబ్బాకు, బజారులో దుకాణం ఉండేది. లాంతర్లు, టార్చిలైట్లు, తాళాలు, సైకిల్ డైనమోలు, ఇలా మెరిసేదీ మోగేదీ ఏదైనా అమ్మేవాడు. నా చేతికి వచ్చాక ఒక అల్మరాలో రేడియో సామాను పెట్టాను. వాల్వులు, కండెన్సర్లు, స్టేషన్ ముల్లును తిప్పే దారాలు. అప్పుడు డెబ్బయ్యో దశకం మొదలు. ఊళ్ళో రేడియోలు పెరుగుతున్నాయి, పాడైపోయే రేడియోలు ఇంకా వేగంగా పెరుగుతున్నాయి. నాకు అంతకంటే ఏం కావాలి?

సామాను కోసం రిపేరు చేసేవాళ్ళు వచ్చేవాళ్ళు. వచ్చినవాళ్ళు అక్కడే నిలబడి ఒకరినొకరు అడిగేవాళ్ళు. ఈ సెట్టు బురబురమంటోంది, నీకు ఎప్పుడైనా ఇట్లా అయ్యిందా? ఆ కూతకు నువ్వు ఏం చేశావు? రిపేరు నేర్పే పుస్తకం మా వైపు దొరికేది కాదు. దొరికినా ఇంగ్లీషులో ఉండేది. కాబట్టి ఒకరికొకరు పుస్తకం అయ్యారు. కొన్నాళ్ళకు అదొక అలవాటుగా స్థిరపడింది. శుక్రవారం జుమ్మా నమాజు అయ్యాక నేను దుకాణం తలుపు సగం మూసేవాణ్ణి. వెనక గదిలో చాప పరిచేవాళ్ళం. ఎవరి దగ్గర మొండికేసిన సెట్టు ఉంటే వాళ్ళు తెచ్చి మధ్యలో పెట్టేవాళ్ళు. దాన్ని బైఠక్ అనేవాళ్ళం.

బైఠక్‌కు ఒకటే కట్టుబాటు. ఎవరికి ఏ ఉపాయం తట్టినా ఆ చాప మీద చెప్పెయ్యాలి. దాచుకోకూడదు, డబ్బు అడగకూడదు. మొదట్లో నాకు ఇది పిచ్చి పనిలా కనిపించింది. నాలుగు వీధుల అవతల పోటీగా రిపేరు చేసేవాడికి తన కిటుకు తనే చెప్పేవాడు ఉంటాడా? ఉన్నాడు. ఒకడు కాదు, అక్కడ కూర్చున్నవాళ్ళంతా అలాంటివాళ్ళే. ఊరికే ఇవ్వడం అన్నది నేను పెరిగిన బజారులో చూడలేదు. మొదట చూసింది నా దుకాణం వెనక గదిలోనే.

పెద్దవాడు వెంకోబప్ప. మిలిటరీలో వైర్‌లెస్ పని చేసి వచ్చినవాడు. సెట్టు మూత తీయగానే ముందు వాసన చూసేవాడు. ఒకసారి ఖాదర్ ఒక సెట్టు తెచ్చి వాల్వు కాలిపోయిందన్నాడు. ఖాదర్‌కు సైకిల్ షాపు ఉండేది, రేడియో పని కొత్తగా నేర్చుకుంటున్నాడు. వెంకోబప్ప ముక్కు దగ్గర పెట్టి తిప్పి చూశాడు.

"వాల్వు పోలేదు ఖాదరూ, బల్లి పోయింది. ముందు దాన్ని తీసి బయట పారెయ్."

ఇక ఈరన్న. ఎమ్మిగనూరులో నేత నేసే ఇంటివాడు. మగ్గం పని అయ్యాక రేడియోలు బాగు చేసేవాడు. ప్రతి శుక్రవారం బస్సులో వచ్చేవాడు. ఈరన్నలో అణకువ అన్నది లేదు. తనకు తెలిసింది తన కడుపులో ఒక పూట కూడా ఉండేది కాదు. "నేను సెయ్యి పెడితే సెట్టే గాదప్పా, సెట్టు పెట్టిన బల్ల గూడా పాడతాది" అనేవాడు. నిజం చెప్పాలంటే మాలో అందరికంటే అతనికే ఎక్కువ తెలుసు. ఆ సంగతి అందరికంటే ముందు అతనే చెప్పేసేవాడు కాబట్టి మాకు ఒప్పుకోబుద్ధి అయ్యేది కాదు.

మరి నేను? చాప నాది, గది నాది, టీ నాది. ఒకసారి నేను ఏదో సలహా ఇవ్వబోతే ఖాదర్ నవ్వాడు.

"భాయ్, నువ్వు కండెన్సరు అమ్మేటోడివి. ఏసేటోళ్ళం మేము. నువ్వు టీ సెప్పు."

అందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా నేను నవ్వాను. గిరాకీ ఎగతాళి చేస్తే ముందుగా నవ్వాలని అబ్బా నేర్పాడు. నవ్వి మరిచిపోవడం ఎలాగో నేర్పలేదు. ఆ మాట నాలో ఉండిపోయింది.

ఆ ఏడాది వేసవికి ముందు ఒక రేడియో కంపెనీ మనిషి ఆదోనికి వచ్చాడు. ఈ వైపు తమ సెట్లు బాగు చెయ్యడానికి ఒక్క మనిషిని పెట్టుకుంటామని, కంపెనీ బోర్డు ఇస్తామని, మీలో మంచి బుర్ర ఎవరిదో పేరు చెప్పమని వెంకోబప్పను అడిగిపోయాడు. బోర్డు వస్తే ఆ మనిషి బతుకు మారిపోతుంది. పనికోసం వెతుక్కోనక్కర లేదు, పనే వెతుక్కుంటూ వస్తుంది. ఈరన్న ఆశ దాచుకోలేదు. మగ్గం గుంటలో కాళ్ళు పెట్టి కూర్చునే పని తనతో ఆఖరు కావాలని బాహాటంగా చెప్పేవాడు. "మా గోడకు మేకు గూడా కొట్టినా. బోర్డు ఒక్కటే రావల్ల" అన్నాడు. అది అతనికే వస్తుందని నేనూ అనుకున్నాను. అనుకోవడంలో నాకు ఏ బాధా లేదు. అప్పటికి.

ఆ వేసవిలో నీళ్ళు లేవు. పత్తి మిల్లులు ఇంకా నడుస్తున్నాయి. మిల్లు మోటార్లు తిరిగితే చుట్టుపక్కల రేడియోల్లో మాట వినబడదు, అంతా గరగర. దానికి విరుగుడు మంచి ఎర్తు. అంటే సెట్టు లోపలి ఇనుప రేకు నుంచి ఒక తీగ తీసి, నేలలో పాతిన పైపుకు కట్టాలి. గుంతలో బొగ్గులు, ఉప్పు వేసి రోజూ నీళ్ళు పొయ్యాలి. నేల తడిగా ఉన్నంతవరకే ఆ ఎర్తు పని చేస్తుంది. కానీ బిందె నీళ్ళకు గంటలు నిలబడే రోజుల్లో రేడియో గుంతకు నీళ్ళు పోయనిచ్చే ఆడవాళ్ళు ఎక్కడుంటారు? ఊరంతా ఎర్తులు ఎండిపోయాయి. రెండు మూడు బైఠకుల్లో ఇదే గోల. ఎవరికీ ఏమీ తట్టలేదు.

నేను తువ్వాళ్ళు కొనడానికి ఎమ్మిగనూరు పోయాను. తిరిగి వస్తుంటే బస్టాండులో ఈరన్న పరిగెత్తుకుంటూ వచ్చాడు.

"భాయ్, దొరికింది! మా ఇంటామె తిట్టింది. మనుసులకు తాగేకి నీళ్ళు ల్యాకపాయె, నీ రేడియోకు తాపల్లనా అని. ఆ తిట్టుతోనే తట్టింది. గుంతకు నీళ్ళు ఎందుకప్పా మొయ్యల్ల? నీళ్ళు పడే కాడికే గుంతను తీస్కపోతే పాయె గదా!"

ఉపాయం ఇదీ. మా వైపు బచ్చలి అంటే స్నానం చేసి, అంట్లు తోముకునే మూల. ఎంత కరువైనా రోజుకు నాలుగు చెంబులు అక్కడ పడాల్సిందే. ఎర్తు పైపును బచ్చలి పక్కన, వాడిన నీళ్ళు ఇంకే చోట పాతాలి. తీగను సెట్టు లోపలి రేకుకే నేరుగా బిగించాలి. ఎవరూ మోయనక్కర లేదు, ఎవరూ తిట్టరు, ఎర్తు ఎప్పుడూ తడి. అతని ఇంట్లో గరగర పోయింది. ఇంత చిన్న సంగతి మాకెవరికీ తట్టనందుకు సిగ్గేసింది.

ఈ శుక్రవారం తను రాలేనని, ఆస్పరిలో బామ్మర్ది పెళ్ళి ఉందని, బైఠక్‌లో నన్ను చెప్పమని అన్నాడు. తరువాత ఇంకా ఏదో చెబుతున్నాడు. ఆ సమయంలో నేనేం చేస్తున్నాను? పుచ్చకాయలమ్మే ముసలామెతో బేరమాడుతున్నాను. కాయను కోసి చూపిస్తేనే కొంటానని పట్టుబట్టాను.

"యాడోడప్పా నువ్వు? కోసి, గింజలు తీసి, నోట్లో గూడా పెట్టల్లనా?" అని ఆమె కత్తి ఎత్తింది.

ఒక చెవిలో ఆమె తిట్లు, ఇంకో చెవిలో ఈరన్న. "అన్నిటికీ కాదు భాయ్, ఇను..." అన్నాడా? అన్నాడు. "కాదు" అన్న మాట నా చెవిలో పడింది. ఏది కాదో వినలేదు. బస్సు వచ్చింది. కాయ గెలుచుకుని ఎక్కేశాను. వినలేదని ఇన్నేళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. పూర్తిగా వినలేదు, నిజమే. కానీ వినడానికి ఇంకా ఉందని నాకు తెలుసు. ఈ రెండింటి మధ్య ఉన్న సందులోనే నేను కాపురం పెట్టాను.

శుక్రవారం వచ్చింది. చెప్పాను. చాలా బాగా చెప్పాను. సరుకును ఎలా విప్పి చూపించాలో నాకు తెలుసు కదా. ముందు ఎండిన గుంతను చూపించాను, తరువాత ఇల్లాలి తిట్టు, ఆ తరువాత బచ్చలి. ఖాదర్ నోరు తెరిచాడు. వెంకోబప్ప తొడ మీద చరుచుకున్నాడు.

"భలే ఉండాదే! ఎవురికి తట్టిందప్పా ఇది?"

అడిగింది చిన్న మాట. ఈరన్నకు అని చెబితే అయిపోయేది. ఆ పేరు నా నాలుక మీదికి వచ్చింది కూడా. కానీ ఖాదర్ నా వైపు చూస్తున్నాడు. టీ చెప్పమన్న ఖాదర్. ఆ చూపులో నేను అంతవరకు ఎరగని మర్యాద ఉంది.

"నాకే" అన్నాను.

వెంకోబప్ప నా భుజం మీద చెయ్యి వేశాడు. "ఇన్నాళ్ళూ నీ గదిలో కూర్సోని నిన్నే సూడకపోతిమి గదప్పా" అన్నాడు. ఆ చెయ్యి బరువు నాకు ఇప్పటికీ గుర్తుంది. ఎంత బాగుండిందో కూడా గుర్తుంది. అబద్ధమని తెలిసిన మెప్పు కూడా మెప్పులాగే తియ్యగా ఉంటుందని అప్పటిదాకా నాకు తెలియదు.

"ఏ సెట్టుకైనా ఎయ్యొచ్చునా?" అని వెంకోబప్ప అడిగాడు. అతను పని చేసిన మిలిటరీ సెట్లు బ్యాటరీలతో నడిచేవి. ఇళ్ళలో ఉండే చవక సెట్ల గుణం అతనికి అంతగా తెలియదు. నా చెవిలో ఆ "కాదు" మళ్ళీ వినిపించింది. అయినా తన సరుకు గురించి తనకు తెలియదని ఏ దుకాణదారు ఒప్పుకుంటాడు?

"ఏ సెట్టుకైనా" అన్నాను.

మిగతావాళ్ళలో ఒకరిద్దరికి అనుమానం వచ్చే ఉంటుంది. ఎవరూ అడ్డం మాట్లాడలేదు. బైఠక్‌లో చెప్పిన మాట అంటే చెప్పినవాడు తన ఇంట్లో వేసి చూసి చెప్పిన మాట. దాన్ని అనుమానించే అలవాటు మాకు లేదు. ఆ నమ్మకం మీదే మా చదువంతా నడిచింది. నేను చేసిన పని ఒక్క ఈరన్నకే జరిగిన అన్యాయం కాదని నాకు అర్థం కావడానికి ఇంకో వారం పట్టింది.

ఆ వారంలో ఎవరికి వాళ్ళు బచ్చళ్ళ పక్కన గుంతలు తవ్వారు. పైపులు, తీగలు నా దగ్గరే కొన్నారు. అమ్మాను.

తరువాతి శుక్రవారం పొద్దుటినుంచీ నాకు తలనొప్పి రావాలని కోరుకున్నాను. రాలేదు. ఈరన్న వచ్చాడు. పెళ్ళి లడ్లు తెచ్చాడు. వస్తూనే తను కనుక్కున్నదాని గురించి అరుస్తాడనుకుని తల వంచుకున్నాను. అతను నోరు తెరిచేలోపే ఖాదర్ పట్టుకున్నాడు.

"అన్నా, నువ్వు పోయినసారి రాకపోతివి. భాయ్ ఏం కనుక్కున్న్యాడో తెలుసునా? ఎర్తును బచ్చలి కాడ పాతేది! రా, కూర్సో, సెప్తా."

చెప్పాడు. ఈరన్నకే, ఈరన్న ఉపాయాన్ని. చేతులు తిప్పుతూ, మధ్యలో అతని ఇంటామె తిట్టును కూడా కలిపి, అది మా ఇంట్లో జరిగినట్టు చెప్పాడు. నేను నేలచూపులు చూస్తున్నాను. వాగుడుకు పేరుపడ్డ ఈరన్న, లడ్డు చేతిలో పట్టుకుని, తెలియనివాడు విన్నట్టే విన్నాడు.

"మా అక్కోళ్ళ ఇంట్లో గూడా పెట్టినా" అన్నాడు ఖాదర్. "పాట ఎంత సక్కగా వినపడతాందనుకున్నావ్!"

"ఏం సెట్టు అది?"

"చిన్నదన్నా. చవకది. ఏ సెట్టుకైనా ఎయ్యొచ్చని భాయ్ అన్న్యాడు గదా."

ఈరన్న లడ్డును చాప మీద పెట్టాడు. నా వైపు చూశాడు. ఇప్పుడు బయటపడుతుందని అనుకున్నాను. ఆ క్షణంలో నాకు భయం వేసింది, కొంచెం హాయిగా కూడా అనిపించింది.

"భాయ్, ట్రాన్స్‌ఫార్మర్ ల్యాని సెట్లకు ఇది ఎయ్యగూడదని నువ్వు సెప్పే ఉంటావు గదా" అన్నాడు. "వీడు సరిగ్గా ఇన్నట్టు లేదు."

నేను చెప్పలేదు. చెప్పలేదని అతనికి తెలుసు. నాకు తెలియదని కూడా తెలుసు. చేతికి అందేలా ఆ మాటను నా ముందు పెట్టాడు.

"అవును. సెప్పినాననుకున్నా" అన్నాను.

"ఎందుకు ఎయ్యగూడదు?" అన్నాడు ఖాదర్. నన్నే అడిగాడు. ఈరన్నే జవాబు చెప్పాడు. ట్రాన్స్‌ఫార్మర్ లేని ఆ చవక సెట్లలో కరెంటు తీగ ఒకటి నేరుగా లోపలి రేకుకే కలిసి ఉంటుంది. ప్లగ్గు ఒక వైపు పెడితే ఏమీ కాదు. తిప్పి పెడితే కరెంటు రేకులోకి, రేకు నుంచి ఎర్తు తీగలోకి, అక్కడి నుంచి బచ్చలి తడిలోకి పోతుంది. తడి కాళ్ళతో ఆడవాళ్ళు నిలబడే చోటికి.

చెప్పడం పూర్తి కాకముందే ఖాదర్ లేచాడు. అతని సైకిల్ వెనక ఈరన్న ఎక్కాడు. నేను ఇంకో సైకిల్ తీసుకుని వాళ్ళ వెంట పడ్డాను. ఆ దారి పొడుగునా నేను ఏమనుకున్నానో రాయాలంటే చెయ్యి రావడం లేదు. మనసులో కూడా బేరమాడాను. ఖాదర్ వాళ్ళక్కకు ఏమీ కాకపోతే అంతా చెప్పేస్తాను, వెంకోబప్ప ముందు, అందరి ముందు. అల్లాతోనే ఆ బేరం. మాట ఇచ్చాను.

ఖాదర్ వాళ్ళక్క వాకిట్లోనే ఉంది. చేతిలో చెంబు. మమ్మల్ని చూసి గొంతు పెంచింది.

"వచ్చినావా? ఏం పెట్టిపోయినావురా నా ఇంట్లో? పొద్దున్నుంచి బచ్చలిలో కాలు పెడితే జివ్వుమంటాంది. నాకేమో నరాల జబ్బు వచ్చిందని మీ బావ డాక్టరు కోసరం పోయినాడు!"

ఆ పొద్దున ఊడుస్తూ ప్లగ్గు తీసి మళ్ళీ పెట్టిందట. ఈసారి తిరగేసి పడింది. ఈరన్న ఏమీ అడగకుండా లోపలికి పోయి ప్లగ్గు పీకాడు. ఎర్తు తీగను కత్తిరించాడు. ఖాదర్ గడప మీద కూలబడ్డాడు. వాళ్ళక్క మాత్రం "ఏందప్పా మీరంతా? నా బచ్చలిలో ఏం పని మీకు?" అని తిడుతూనే ఉంది. అంత తియ్యటి తిట్లు నేను మళ్ళీ వినలేదు. తిట్టడానికి ఆమె ఉంది.

నా మాట విని ఎర్తు పాతిన ఇళ్ళు ఇంకొన్ని ఉన్నాయి. చీకటి పడేలోపు అందరమూ తిరిగి చూశాం. ఇంకెక్కడా చవక సెట్టుకు బిగించలేదు. ఆ తరువాత ఈరన్నను బస్టాండు దాకా దిగబెట్టడానికి నేను ఒక్కణ్ణే పోయాను. సగం దారిలో అతనే అన్నాడు.

"ఎత్తుకపోయినావు. సరే. ఎత్తుకపోయేటోడివి సరుకంతా ఎత్తుకపోవల్ల గదా భాయ్. సగం ఎత్తుకపోతే ఎట్ల?"

నవ్వుతున్నాడేమోనని చూశాను. నవ్వడం లేదు.

"అందరి ముందరా సెప్పేసింటే అయిపోయుండు గదా ఈరన్నా. ఎందుకు సెప్పలేదు?" అన్నాను. చూడండి నా తెలివి. నన్ను పట్టివ్వని తప్పు కూడా అతని మీదే పెట్టబోయాను.

"సెప్పింటే ఖాదరు నీతో కొట్లాటకు కూర్సునుండు. ఆడ వాళ్ళక్క బచ్చలిలో ఉండె. ఇంగొకటి. ఆ సాప మీద దొంగ ఉండాడని తెలిస్తే వచ్చే జుమ్మాకు ఎవుడైనా నోరు ఇప్పుతాడా? నాకు తెలిసినేదంతా ఆడ కూర్సోని ఇన్నేదే. అది పోతే నాకు మిగిలేది ఏముండాది?"

"మరి బోర్డు?"

"వెంకోబప్పకు నువ్వే సెప్పు. నేను సెప్తే అది సాడీ అయితాది."

"వచ్చే జుమ్మాకు సెప్తా."

"సెప్పు" అని బస్సెక్కాడు.

తరువాతి జుమ్మాకు నేను నోరు తెరిచేలోపే వెంకోబప్ప లేచి, కంపెనీకి పంపే కాగితం మీద నా పేరు రాశానన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. కాగితం ఇంకా పోలేదు, ఆపవచ్చు. ఒక్క మాట చాలు. ఈరన్న నన్నే చూస్తున్నాడు. ఆ చూపులో కోపం లేదు, ఎదురుచూడడం ఉంది. నేను గుమ్మం వైపు తిరిగి, హోటలు వాడికి వినబడేలా అందరికీ టీ అని కేకేశాను. తిరిగి చూసేసరికి ఈరన్న మధ్యలో పెట్టిన సెట్టు మూత విప్పుతున్నాడు.

బోర్డు నా దుకాణానికి వచ్చింది. ఇక్కడ మీరు నవ్వవచ్చు. రిపేరు రానివాడి గుమ్మానికి రిపేరు బోర్డు. కంపెనీ సెట్లు మంత్రాలయం నుంచి కూడా వచ్చేవి. మూత తీయడం, వాసన చూడడం, మూత పెట్టడం, ఇంతవరకే నాకు చేతనైంది. శుక్రవారం దాకా ఏదో ఒకటి చెప్పి గిరాకీలను తిప్పేవాణ్ణి. శుక్రవారం ఆ సెట్లను చాప మధ్యలో పెట్టేవాణ్ణి. ఎవరు చెప్పేవాళ్ళంటారు? ఈరన్న. తనకు రావాల్సిన బోర్డు కింద చేరిన సెట్లకు తనే జబ్బు కనుక్కుని, అందరి ముందూ, మునుపటిలాగే గొప్పలు పోతూ చెప్పేవాడు. అతను మానేస్తాడని మొదటి నెల అంతా అనుకున్నాను. మానలేదు. బోర్డు గురించి ఎత్తిపొడవలేదు. ఒక్కటి మాత్రం మారింది. ఏ ఉపాయం చెప్పినా చివర నా వైపు తిరిగి, "ఇంగా ఉండాది భాయ్, ఇను" అనేవాడు. ఏ సెట్టుకు పనికిరాదో, ఎక్కడ చెయ్యి పెట్టకూడదో చెప్పి, నా చేత తిరిగి చెప్పించేవాడు. మిగతావాళ్ళు అది వేళాకోళం అనుకునేవాళ్ళు. నేను బడిపిల్లవాడిలా అప్పజెప్పేవాణ్ణి.

అలా నేర్చుకున్నాను. కొన్నేళ్ళకు నిజంగానే రిపేరు వచ్చింది నాకు. నా చేతిలో ఉన్న పనంతా నేను దోచుకున్న మనిషి పెట్టిందే. ఈ మాట రాస్తుంటే సిగ్గు కంటే ముందు కృతజ్ఞతే పైకి వస్తోంది. అది నిజమైనదేనా, లేక సిగ్గును తప్పించుకోవడానికి నేను కనిపెట్టిన కొత్త ఉపాయమా? నన్ను నేనే చాలాసార్లు అడిగాను. రెండూ కలిసే ఉన్నాయేమో. ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పగలను. ఖాదర్ వాళ్ళక్క మనవళ్ళను ఎత్తుకుని మా దుకాణానికి వస్తుంది. టార్చి కొని, బేరమాడి, నన్ను తిట్టిపోతుంది. ఆమె వచ్చి వెళ్ళిన ప్రతిసారీ ఈరన్నకు మనసులో సలాం చేస్తాను. ఆ రోజు అతను తన ఉపాయం కోసం పోట్లాడడానికి కూర్చుని ఉంటే, నేను ఈపాటికి ఏమయ్యేవాణ్ణి?

ఈరన్న మగ్గం దిగలేదు. కొడుకు కూడా మగ్గం మీదే కూర్చున్నాడు. ట్రాన్సిస్టర్లు వచ్చాయి, ఎర్తుల అవసరం తగ్గింది. ఈ మధ్య టీవీలు వచ్చాయి. మిద్దెల మీద ఏంటెనాలు తిప్పుకుంటున్నారు. బైఠక్‌కు వచ్చేవాళ్ళు పలచబడ్డారు.

వెంకోబప్పకు చెప్పాలని ఎన్నిసార్లు అనుకున్నానో. జబ్బుతో మంచాన పడ్డప్పుడు చెప్పడానికే పోయాను. దారిలో మాటలు కూర్చుకున్నాను. మంచం పక్కన కూర్చోగానే అతనే నా చెయ్యి పట్టుకున్నాడు. "నీ బచ్చలి ఎర్తు మాదిరి ఉపాయం నా సర్వీసులో యాడా సూళ్ళేదప్పా" అన్నాడు. పోతున్న మనిషి సంతోషం చెడగొట్టడం ఎందుకని అనుకున్నాను. అలా అనుకోవడం ఎంత సుఖంగా ఉందో కూడా గమనించాను. పాలు తాగించి వచ్చేశాను. అతను ఈ ఏడాది పోయాడు. మట్టి వేయడానికి ఈరన్న ఎమ్మిగనూరు నుంచి వచ్చాడు. ఇద్దరం పక్కపక్కనే నిలబడ్డాం. చెప్పాల్సిన మనిషి నేలలోకి పోతుంటే, చెప్పమన్న మనిషి నా పక్కన ఉన్నాడు. అతను నా వైపు చూడలేదు. చూసి ఉంటే బాగుండేది.

ఈరన్న ఇప్పటికీ ఆదోని వస్తే నా దుకాణంలో కూర్చుంటాడు. ఆ సంగతి మేము మళ్ళీ ఎత్తలేదు. క్షమించాడా? తెలియదు. క్షమించాడని నాకు నేనే అనుకుంటే, అది కూడా అతన్ని అడగకుండా తీసుకున్నదే అవుతుంది. కాబట్టి అనుకోవడం లేదు. ఇది రాస్తున్నట్టు అతనికి చెప్పలేదు. అచ్చయితే అతని కంట పడవచ్చు. పడితే ఊరంతా వినేలా నన్ను ఎగతాళి చేస్తాడో, ఏమీ అనకుండా చదివి పక్కన పెడతాడో. ఆ రెండోదానికే నాకు భయం.

బచ్చలి పక్కన ఎర్తు పాతే ఉపాయం ఎమ్మిగనూరు ఈరన్నది. నాకు తట్టింది కాదు. ట్రాన్స్‌ఫార్మర్ లేని సెట్టుకు అది బిగించకూడదని చెప్పిందీ అతనే. ఏ సెట్టుకైనా వేయవచ్చని చెప్పింది నేను. బోర్డు అతనికి రావాల్సింది.

ఈ నాలుగు మాటలు రాసేసరికి గుండె మీద నుంచి ఏదో దిగినట్టు ఉంది. అంత తేలికదనానికి నేను తగను. తెలుసు. అయినా దిగింది.